నీరుగంటి చూపు

2025 జులై 30 సాయంత్రం మా మేడ మీద ఆరుగురం తూర్పుకు తిరిగి నిలబడ్డాం. శ్రీహరికోటలో రాకెట్ లేచే రోజు తిరుపతిలో మేడలెక్కడం మాకు అలవాటు. ఆకాశం తేటగా ఉంటే దూరాన తెల్లటి గీత ఒకటి పైకి పాకుతుంది. రాత్రి ప్రయోగమైతే తూర్పు దిక్కు కాసేపు నారింజ రంగుకు తిరుగుతుంది. 2022లో జిల్లాలు విడగొట్టాక శ్రీహరికోట నెల్లూరు నుంచి మా తిరుపతి జిల్లాలోకి వచ్చింది కాబట్టి ఇప్పుడు ఆ గీత మీద మాకు సొంతదారుల గర్వం కూడా ఉంది. ఆ రోజు మాత్రం ఏమీ కనిపించలేదు. తూర్పంతా మబ్బు. అయిదూ నలభై దాటాక ఎదురింటి అబ్బాయి ఫోనులో చూసి “వెళ్ళిపోయింది” అన్నాడు. మెట్లు దిగి కాఫీకి కూర్చున్నాం.

ఆ జీఎస్ఎల్‌వీ మోసుకెళ్ళింది నిసార్‌ను. ఇస్రో, నాసా కలిసి తయారు చేసిన రాడార్ ఉపగ్రహం అది. మబ్బు పట్టినా, చీకటి పడినా నేలను చూడగలదు. మబ్బుల గుండా చూసే కన్ను నాకు మబ్బు చాటునే పైకి పోయింది. రాకెట్ కనిపించలేదన్న దిగులు ఆ రాత్రికే పోయింది గానీ, ఇంతకీ మనం పైనుంచి వచ్చే బొమ్మలను ఎలా చూస్తున్నాం అన్న ప్రశ్న మాత్రం పోలేదు.

మర్నాడు బంధువుల వాట్సాప్ గుంపులో ఎవరో భూమి బొమ్మ పెట్టారు. కింద శుభోదయం. నల్లటి శూన్యంలో నీలి గోళం, దాని మీద తెల్లటి మబ్బుల ముగ్గు, మధ్యలో ఆఫ్రికా. 1972 డిసెంబరు 7న అపోలో 17లో చంద్రుడి వైపు వెళ్తున్న ముగ్గురు వ్యోమగాములు సుమారు 29,000 కిలోమీటర్ల దూరం నుంచి తీసిన ఫొటో అది. ముగ్గురిలో మీట నొక్కింది ఎవరో తేలక, పేరు ఉమ్మడిగా ఇచ్చారు. తీసినప్పుడు దక్షిణ ధ్రువం పైన ఉంది. అచ్చు వేసేటప్పుడు తిప్పేశారు. అట్లాసులో ఉత్తరం పైన ఉంటుంది కదా, అసలు భూమి కూడా అట్లాసు మాట వినాలన్నమాట. 1968 డిసెంబరు 24న అపోలో 8 నుంచి విలియం ఆండర్స్ తీసిన ప్రసిద్ధమైన ఫొటోకూ ఇదే గతి పట్టింది. ఆయన తీసినప్పుడు చంద్రుడి నేల పక్కన గోడలా నిలబడి ఉంది. మనకు అలవాటైన బొమ్మలో అదే నేల కింద పరుచుకుంటుంది, దాని మీద భూమి పొద్దుపొడుపులా లేస్తుంది. పైనా కిందా లేని చోటికి కూడా మనిషి తన ఇంటి దిక్కులను మూటగట్టుకుని వెళ్తాడు.

ఆ నీలి గోళంలో కుడి పక్క, పై అంచున, చిన్న తెల్లటి సుడి ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని పట్టించుకోరు. అది ఆ ఏటి తమిళనాడు తుఫాను. ఫొటోకు రెండు రోజుల ముందు, డిసెంబరు 5న, కడలూరు వైపు గాలివానతో విరుచుకుపడింది. మద్రాసులో వేలమంది ఇళ్ళు పోగొట్టుకున్నారు.

మా అవ్వది చిత్తూరు పక్కన పల్లె. ఆమెకు సంవత్సరాలు అంకెల్లో తెలియవు, కానుపుల్లో, కరువుల్లో తెలుసు. “మీ చిన్నాయన కడుపులో ఉన్నప్పటి వాన” అని ఒక వాన గురించి చెప్పేది. మూడు రోజులు పొయ్యి రాజలేదట. మట్టిగోడ ఒకటి ఇంటి లోపలికే కూలిందట. బర్రెను తెచ్చి వసారాలో కట్టేస్తే అది రాత్రంతా అరిచిందట. చిన్నాయన పుట్టిన తేదీ నుంచి వెనక్కి లెక్క వేస్తే ఆ వాన 1972 డిసెంబరు మొదటి వారంలో పడుతుంది. అవ్వ తడి కట్టెలను ఊదుతూ కళ్ళు మండించుకుంటున్న ఆ రోజుల్లోనే, ఆ మబ్బును ముగ్గురు మనుషులు కిటికీలోంచి చూశారు. ఫొటో చూసిన ప్రపంచం ఎంత ప్రశాంతంగా ఉందో అని మురిసిపోయింది. నాకు మాత్రం అది మా కుటుంబం ఫొటో. అవ్వ ఉంది అందులో, అంచున, సుడి కింద.

సరిగ్గా ఆ ఏడాదే ఇంకో కన్ను కూడా పైకి వెళ్ళింది. 1972 జులై 23న అమెరికా ఒక ఉపగ్రహాన్ని పంపింది, తర్వాత దానికి లాండ్‌శాట్ 1 అని పేరు స్థిరపడింది. దానికి భూమి మొత్తం ఒక్కసారి కనిపించదు. ముక్క తర్వాత ముక్క చూసుకుంటూ పోతుంది, 18 రోజులకు మళ్ళీ మొదటి ముక్క దగ్గరికి వస్తుంది. దాని బొమ్మల్లో ఒక చుక్క అంటే నేల మీద సుమారు 80 మీటర్లు, మన లెక్కలో ఎకరంన్నర. ఆ బొమ్మలను ఎవరూ గోడకు తగిలించలేదు, శుభోదయాలకు వాడలేదు. కానీ ఆ వరసలోని ఉపగ్రహాలు యాభై ఏళ్ళు దాటినా ఆ పని మానలేదు. 2008 నుంచి ఆ బొమ్మలన్నీ ఎవరికైనా ఉచితం. ఒకే సంవత్సరంలో పుట్టిన ఈ రెండు చూపుల్లో మనం తప్పు చూపుకు పూజ చేస్తున్నామని నా వాదన. తప్పు అన్నది పెద్ద మాటే. పోనీ, తక్కువ పనికొచ్చే చూపుకు.

తిరుపతి వాళ్ళకు దర్శనం అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. గంటల కొద్దీ క్యూలో నిలబడి, “జరగండి, జరగండి” అన్న కేకల మధ్య అర క్షణం చూసి బయటపడతాం. ఆ అర క్షణం ఏడాదికి సరిపోతుంది. నేనూ వెళ్తాను, సరిపోతుంది, అబద్ధం చెప్పను. నీలి గోళాన్ని చూడడం కూడా దర్శనమే. గుండె నిండుతుంది, చేతికి పని చెప్పదు.

చెరువును చూసే తీరు వేరు. మా వైపు పల్లెల్లో నీరుగంటి ఉండేవాడు. పొద్దున, సాయంత్రం కట్ట మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడవడం అతని పని. తూము తెరవడం, మూయడం, ఆయకట్టులో ఎవరి వంతు ఎప్పుడో చూసి నీళ్ళు వదలడం, ఎండ్రకాయలు కట్టలో బొరియలు తవ్వితే పూడ్చడం. వాన పట్టిన రాత్రి పార, లాంతరు పట్టుకుని కట్ట మీదే ఉండేవాడు. కోతల కాలంలో రైతులు కళ్ళాల్లో కొలిచి ఇచ్చే గింజలే జీతం. అతను చెరువును చూసి పరవశించడం ఎవరూ చూసి ఉండరు. కానీ నిన్నటికీ ఈరోజుకూ నీటిమట్టం ఎన్ని వేళ్ళు తేడా ఉందో అడిగితే చెప్పేవాడు. లాండ్‌శాట్ చేసేది ఈ పనే. 1988 మార్చి 17న సోవియట్ యూనియన్‌లోని బైకనూర్ నుంచి ఎగిరిన మన ఉపగ్రహం ఐఆర్ఎస్-1ఏ చేసిందీ ఇదే. అది 22 రోజులకోసారి అదే కట్ట మీదికి వచ్చేది.

మన దేశపు చూపు ఎంత సూక్ష్మమైందో మా ఊరి కొలతల్లో చెప్పుకోవచ్చు. 1979లో భాస్కర ఉపగ్రహం కెమెరాకు ఒక చుక్క అంటే దాదాపు కిలోమీటరు. పల్లె, చెరువు, ఆయకట్టు అన్నీ కలిసి రెండు మూడు చుక్కలు. ఐఆర్ఎస్-1ఏ నాటికి చుక్క 36 మీటర్లకు వచ్చింది, అంటే ఒక మడి. 2019లో పంపిన కార్టోశాట్-3కి పావు మీటరు. మా వాకిట్లో గడప ముందున్న మెట్టు దానికి ఆనుతుంది.

ఇక్కడ ఒక ప్రసిద్ధమైన మాటతో పేచీ పెట్టుకోవాలి. అంతరిక్షం నుంచి చూస్తే సరిహద్దులు కనిపించవని వెళ్ళొచ్చిన వాళ్ళందరూ చెబుతారు. 2025లో శుభాంశు శుక్లా కూడా కక్ష్యలో నుంచి ఆ భావమే చెప్పారు. ఆయన మనసులో మాటను నేను తక్కువ చేయను. అంత ఎత్తుకు వెళ్తే నేనూ అదే అని కళ్ళు తుడుచుకుంటాను. అయినా అది పూర్తి నిజం కాదు. భారత్, పాకిస్తాన్ సరిహద్దులోని దీపాలు 2011లో అంతరిక్ష కేంద్రం నుంచి తీసిన రాత్రి ఫొటోలో నారింజ రంగు తాడులా మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి. ఆ సంగతి కూడా పక్కన పెడదాం. సరిహద్దులు కనిపించకపోవడం మానవాళికి వరమేమో గానీ, మా తిరుపతి చుట్టుపక్కల అదే అసలు రోగం. చెరువు ఎక్కడ ఆగుతుందో, పోరంబోకు ఎక్కడ మొదలవుతుందో, వంక ఎటు పోవాలో చెప్పే గీతలన్నీ ఒక్కొక్కటే మాయమయ్యాయి. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు నిండి మరవ (అలుగు) పోతే ఆ నీళ్ళు కింది చెరువుకు చేరాలి. మధ్యలో వంక ఉన్న చోట కల్యాణ మండపం ఉంటే ఆ నీళ్ళు ఎవరిని అడిగి ఎటు పోవాలి? మాకు కావలసింది గీతలు చెరిపేసే బొమ్మ కాదు.

రంగుల సంగతి కూడా చెప్పాలి. శేషాచలం అడవుల ఉపగ్రహ చిత్రాన్ని మొదటిసారి కాగితం మీద చూసినప్పుడు కొండంతా అంటుకుందేమో అనుకున్నాను. ఎర్రగా, రక్తం పూసినట్టు ఉంది. ఎర్రచందనం అడవి కదా అని పక్కనున్నాయన జోకు వేశాడు, నేను సగం నమ్మాను కూడా. ఆకులు మన కంటికి కనిపించని పరారుణ కాంతిని బాగా వెనక్కి పంపుతాయి. ఆ కాంతికి బొమ్మలో ఎరుపు రంగు కేటాయిస్తారు, కాబట్టి పచ్చగా ఆరోగ్యంగా ఉన్న చెట్టు ఎర్రగా వస్తుంది. నీళ్ళు నల్లగా వస్తాయి. ఇది మోసం కాదు, ముందే చెప్పి వేసుకున్న రంగు. కంటికి నచ్చేలా నీలి గోళాన్ని తలకిందులు చేయడం కన్నా ఇందులోనే నిజాయితీ ఎక్కువ అనిపిస్తుంది నాకు.

అసలు మోసం ఇంకోచోట ఉంది. ప్రతి దీపావళికీ నా ఫోనుకు ఒక బొమ్మ వస్తుంది, దీపావళి రాత్రి అంతరిక్షం నుంచి భారతదేశం అని. దేశమంతా తెలుపు, నీలం, ఆకుపచ్చ, ఎరుపు వెలుగులు. అది ఏ దీపావళి రాత్రిదీ కాదు. అమెరికా వాతావరణ ఉపగ్రహాలు వేరు వేరు సంవత్సరాల్లో తీసిన బొమ్మలను ఒక శాస్త్రవేత్త ఒకదాని మీద ఒకటి పేర్చి చేసిన పటం. 1992కు ముందు నుంచే ఉన్న దీపాలు తెల్లన, 1992లో కనిపించినవి నీలం, 1998లో వచ్చినవి ఆకుపచ్చ, 2003లో వచ్చినవి ఎరుపు. 2012లో నాసా అసలైన దీపావళి రాత్రి బొమ్మ విడుదల చేసి మరీ చెప్పింది, మామూలు రాత్రికీ ఆ రాత్రికీ పైనుంచి పెద్ద తేడా కనపడదని. మా మేనత్త ఇప్పటికీ పంపుతుంది. చెబితే “పోనీలే, అందంగా ఉంది కదా” అంటుంది. నా బాధంతా అదే. ఏ ఊళ్ళో ఎప్పుడు కరెంటు వెలుగు పెరిగిందో పదేళ్ళ లెక్క ఉంది ఆ పటంలో. నీరుగంటి రాసుకున్న లెక్కల పుస్తకాన్ని హారతి పళ్ళెంలో పెట్టి తిప్పుతున్నాం.

అందం ముందు ఉపయోగం మాట ఎత్తితే జనం వెంటనే తుఫాను హెచ్చరికలు చూపిస్తారు. సరే, చూద్దాం. 1977 నవంబరు 19న దివిసీమను సముద్రం మింగింది. అధికారిక లెక్కే పదివేల దాకా. అప్పటికి బంగాళాఖాతం మీద గంట గంటకూ చూసే మన కన్ను ఒక్కటీ లేదు. 1983లో ఇన్‌శాట్-1బి వెళ్ళాక దూరదర్శన్ వార్తల చివర మబ్బుల బొమ్మ రావడం మొదలైంది, మా నాయన ఆ బొమ్మ చూసే వేరుశనగ పీకించాలా వద్దా అని తేల్చుకునేవాడు. ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. కానీ 1999 అక్టోబరులో ఒడిశా మీదికి మహా తుఫాను వచ్చినప్పుడు ఉపగ్రహాలు ఉన్నాయి, బొమ్మలు ఉన్నాయి, అయినా చనిపోయిన వాళ్ళు మళ్ళీ పదివేల దాకా. 2013 అక్టోబరులో ఫైలిన్ అదే తీరానికి వచ్చినప్పుడు మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. ఈ మధ్యలో ఉపగ్రహాలు మెరుగుపడిన మాట నిజమే. అంతకన్నా పెద్ద మార్పు, బొమ్మ చూసిన వాళ్ళు లేచి వెళ్ళి, లక్షల మందిని ఇళ్ళలోంచి కదిలించి, కట్టి ఉంచిన ఆశ్రయ భవనాలకు చేర్చడం. చూసినవాడు కట్ట దిగి తూము దాకా వెళ్ళాడు.

ఫైలిన్ వచ్చిన 2013లోనే నవంబరు 5న శ్రీహరికోట నుంచి మంగళ్‌యాన్ వెళ్ళింది. ఇంకా భూమి చుట్టూ తిరుగుతున్నప్పుడే నవంబరు 19న తన రంగుల కెమెరాను పరీక్షించుకుంటూ 67,975 కిలోమీటర్ల ఎత్తు నుంచి మన ఉపఖండాన్ని ఫొటో తీసింది. బంగాళాఖాతంలో హెలెన్ తుఫాను అప్పుడు లేస్తోంది, మూడు రోజుల తర్వాత మచిలీపట్నం దగ్గర తీరం దాటింది. దివిసీమ ఉప్పెన తేదీ, పక్కపక్క తీరం, సరిగ్గా 36 ఏళ్ళు. తేదీల కలయికల మీద నాకు నమ్మకం లేదు. అయినా నవంబరు 19 నన్ను వదలదు, ఎందుకంటే మా ఇంట్లోకి నీళ్ళు వచ్చిందీ ఆ తేదీనే.

2021 నవంబరు 18న మొదలైన వాన తిరుపతిని ముంచింది. వాయుగుండం 19 తెల్లవారుజామున చెన్నై ప్రాంతంలో తీరం దాటింది. స్వర్ణముఖి పొంగింది. కొండ మీది నుంచి నీళ్ళు మెట్లదారిలో జలపాతంలా దూకడం దేశమంతా టీవీల్లో చూసింది. రామచంద్రాపురం దగ్గర రాయలచెరువు కట్ట కారుతోందని తెలిసి కింది పల్లెలను ఖాళీ చేయించారు. మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు మూడు రోజులు కదలలేదు. ఈ ఇంటి స్థలం నేను 2009లో కొన్నాను. పట్టా భూమి అని కాగితం చెప్పింది, అమ్మినవాళ్ళు చెప్పారు, నేనూ నమ్మాను. ఎందుకు చవక అని అడగలేదు, చవకగా వచ్చినదాన్ని ఎవరూ అడగరు.

నీళ్ళు తీశాక, బురద కడిగాక, ఒక రాత్రి గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల బొమ్మలు తెరిచాను. మీట వెనక్కి జరుపుతూ పోతే మా మేడ మాయమైంది. పక్క అపార్ట్‌మెంట్ మాయమైంది. లేఅవుట్ రాళ్ళు తెల్ల చుక్కల్లా మిగిలాయి. ఇంకా వెనక్కి వెళ్తే రాళ్ళు పోయి సర్కారు తుమ్మ చెట్లు. ఇంకా పాత లాండ్‌శాట్ బొమ్మలు దించుకుంటే, మంచి వానలు పడిన ఏళ్ళలో నా పడకగది ఉన్న చోట మూడు నాలుగు నల్ల చుక్కలు. నలుపంటే నీళ్ళు. మా వీధి చివర ఒక వంపు ఉంది, నిటారు లేఅవుట్‌లో ఇంత అందమైన వంపు ఎందుకు పెట్టారా అని పన్నెండేళ్ళు ఆశ్చర్యపోయాను. పాత బొమ్మలో అదే వంపు. అది చెరువు కట్ట.

ఆ బొమ్మలేవీ రహస్యం కావు. నేను స్థలం కొనే ముందు ఏడాది నుంచే ఉచితం. నేను చూడలేదు, అనుమతి ఇచ్చినవాళ్ళు చూడలేదు, అప్పు ఇచ్చిన బ్యాంకు చూడలేదు. అందరం నీలి గోళం మాత్రం చూశాం. ఇంకో చేదు సంగతి కూడా ఉంది. చెరువు గట్టున వేసుకున్న గుడిసెలు తీయించాల్సి వచ్చినప్పుడు ఉపగ్రహ చిత్రం వెంటనే బయటికి వస్తుంది. లేఅవుట్ వేసేటప్పుడు అదే చిత్రం ఏ సొరుగులోనూ దొరకదు. పావు మీటరు చూపున్న కన్ను పైన తిరుగుతున్నా, దాన్ని ఎటు తిప్పాలో నిర్ణయించేది కింద ఉన్న మనిషే.

నిసార్ మీద నాకు ఆశ ఎందుకంటే, మా చెరువులు నిండేది ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మామూలు కెమెరాకు ఆ నెలల్లో కనిపించేది మబ్బు. చెరువు ఎంత దూరం పరుచుకుంటుందో చూడాల్సిన వారంలోనే కన్ను మూసుకుపోతుంది, ఎండ వచ్చి బొమ్మ తేటపడే సరికి నీళ్ళు సగం ఇంకిపోతాయి, అప్పుడు కొలిచి చెరువు ఇంతే అంటారు. రాడార్ తన కిరణాన్ని తానే పంపుకుంటుంది. నిశ్చలమైన నీటి మీద పడిన కిరణం అద్దం మీద పడినట్టు పక్కకు జారిపోతుంది, తిరిగి రాదు. అందుకే మబ్బు కింద కూడా నీళ్ళు నల్లగా, నేల తెల్లగా విడివిడిగా తెలుస్తాయి. 12 రోజులకోసారి అదే చోటికి వస్తుంది. మన రీశాట్ వరస ఉపగ్రహాలు ఈ పని ఇదివరకే చేస్తున్నాయి, నిసార్ దాన్ని భూమి అంతటికీ పరుస్తుంది. వానాకాలం మధ్యలో, నీళ్ళు నిండుగా ఉన్న రోజున, చెరువు హద్దు ఇది అని చూపించే బొమ్మ దొరికితే ఆ హద్దు మీద రాయి పాతడం కష్టం కాదు. కష్టమైన భాగం ఆకాశంలో లేదు.

మా వీధి ఒకప్పటి పల్లె పొలిమేర. ఆ పల్లె ఇప్పుడు తిరుపతిలో కలిసిపోయి నాలుగు పాత ఇళ్ళు, ఒక వేపచెట్టు మిగిలాయి. అక్కడ ఒక పెద్దాయన ఉన్నాడు, ఎనభై దాటాయి, ఆయన నాన్న ఈ చెరువుకు నీరుగంటి. కొన్నాళ్ళు ఈయన కూడా చేశాడట. నిసార్ వెళ్ళిన వారం తర్వాత ఆదివారం నాడు పాత లాండ్‌శాట్ బొమ్మను ఫోనులో పెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. నల్ల చుక్కల మచ్చ చూపించి, “పెద్దాయనా, ఇది మన చెరువే, పైనుంచి తీసింది” అన్నాను.

చాలాసేపు చూశాడు. తర్వాత ఫోను తీసుకుని తలకిందులుగా తిప్పాడు. బొమ్మ తనంతట తానే మళ్ళీ నిటారుగా తిరిగింది. ఇంకోసారి తిప్పాడు, అది మళ్ళీ తిరిగింది. “ఇది మాట వినదా నాయనా?” అన్నాడు. తెర తిరగకుండా అమర్చి ఇచ్చాను. కట్ట తన వైపు, కొండలు అవతల వైపు వచ్చేలా పెట్టుకున్నాడు. ఆయన జీవితమంతా చెరువును చూసింది కట్ట మీద నిలబడి కదా.

“ఇక్కడ పెద్ద తూము” అని గోటితో చూపించాడు. ఎకరంన్నర చుక్కలో తూము కనిపించదు, ఆయనకు కనిపించింది. “ఇది మరవ. ఇటు నుంచి వంక పోయేది, కింది చెరువుకు.” వేలు ఇప్పుడున్న ప్రధాన రోడ్డును దాటుకుంటూ, పెట్రోలు బంకు మీదుగా, నేను పేరు రాయలేని ఒక పెద్ద భవనం మీదుగా పోయింది. తర్వాత ఫోను నా చేతికి ఇచ్చి అడిగాడు.

“నీ ఇల్లు ఎక్కడ ఇందులో?”

నల్లటి మచ్చ మధ్యలో వేలు పెట్టాను. ఆయన వంగి చూసి, “అక్కడ ఆళ్ళోతు నీళ్ళు ఉండేవి నాయనా, మేము ఈత నేర్చుకుంది అక్కడే” అన్నాడు.